పోర్చుగల్ దేశమునకు ఛాయాచిత్ర యాత్ర



నేటి ప్రసంగ విషయము వినినంతనే మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాశీ రామేశ్వరముల మాట చెప్పవలసిన వయస్సున ఈ పంతులు పోర్చుగల్ దేశమునకు ఫోటోలు తీయబోవు యాత్రను గూర్చి చెప్పుట యేమని మీ సందేహము. మా పెద్ద అంబర్‌పేటలో విజయవాడ బాటయు, నగరము చుట్టును తిరిగివచ్చు వలయ రహదారియు కలిసికొను చోట ఒక గడియ నిలిచి చూడుడు. పెట్టెలు నింపుకొని శంషాబాదు విమానాశ్రయమునకు మరలు కార్లు పగలనక రాత్రియనక పోవుచునే యుండును. వానిలో మన పిల్లలు కలరు. చదువునకును ఉద్యోగమునకును పోవువారితో పాటు, చూచుటకును, చూచినదానిని పటమున నిలుపుటకును పోవువారు నేడు బయలుదేరినారు. అందులకు సొమ్ము ఇచ్చునది తరచుగా ఇంటి పెద్దలే. కావున ఆ యాత్ర ఏ తీరున నేర్పరచుకొన్నచో సొమ్మునకు ఫలము దక్కునో పెద్దలకు తెలిసియుండుట మంచిది.

నా శిష్యుడొకడు పెండ్లిండ్లకు ఫోటోలు తీసి జీవించుచున్నాడు. సముద్రతీరపు పటములు తీయుటకై పోర్చుగల్ పోవలెనని వానికి కోరిక. కొన్నేండ్ల సంపాదనలో మిగిల్చినది కొంత, తండ్రి ఇచ్చునది కొంత కలిపి పోవలెనని తలపు. తండ్రి సేద్యగాడు, ఊరక కాదనువాడు కాడు. నాయొద్దకు వచ్చి, “పంతులుగారూ, సముద్రమే కావలసినచో బాపట్ల యొద్ద సూర్యలంక లేదా? ఎండయే కావలసినచో మన ఊర ఎండకు కొదవయా? ఇంత సొమ్ము పోసి అంత దూరము పోనేల?” అని యడిగెను. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము దొరికినచో యాత్రకు ఏర్పాటు దానియంతట అదియే దొరకును. సూర్యుడు ఒక్కడే, కాని ఆయన ఎండ అక్కడ పడు వాలు వేరు, మనకడ పడు వాలు వేరు. ఛాయాచిత్రకారుడు కొనితెచ్చునది ఆ వాలునే.

మన పెద్దలకు శంకువు తెలిసినదే. సమతలమైన నేలపై పండ్రెండంగుళముల కొయ్యను నిలిపి, పగలును రాత్రియు సమానమైన విషువద్దినమున మధ్యాహ్నపు నీడను కొలిచినచో వచ్చునది ఆ ఊరి పలభ. మా ఊరి పలభ సుమారు మూడుముప్పాతిక అంగుళములు. పోర్చుగల్ రాజధాని లిస్బనులో అదే కొయ్య నీడ తొమ్మిదిన్నర అంగుళములు దాటును. మేము భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునేడు భాగలకు కొంచెము పైన నున్నాము. లిస్బను ముప్పదియెనిమిది భాగలకు పైన నున్నది. మా ఊర మే నెల రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను సూర్యుడు నడినెత్తికి వచ్చి శంకువు నీడ దాని పాదముననే అణగిపోవును. లిస్బనులో సంవత్సరమున ఏనాడును అట్లు జరుగదు. నడివేసవిలో సైతము అక్కడి సూర్యుడు డెబ్బదియైదు భాగల కంటె పైకెక్కడు. డిసెంబరు నెలాఖరున మధ్యాహ్నమున కూడ ఇరువదియెనిమిది భాగల యెత్తుననే యుండును; అప్పుడు శంకువు నీడ శంకువునకు రెట్టింపునకు ఇంచుక తక్కువ.

దీనివలన కలుగు ప్రయోజనము చెప్పెదను. నడినెత్తి ఎండలో పెండ్లికూతురి ఫోటో తీసినచో కనుబొమ్మల నీడ కన్నులను మింగివేయును. ముక్కు క్రింద నల్లని మచ్చ పడును. మా శిష్యుడు మే నెల ముహూర్తములలో పడు బాధ ఇదియే. ఎండ ప్రక్కనుండి వాలుగా వచ్చినచో ముఖమునకు గుండ్రదనము వచ్చును, గోడకు గరుకుదనము కనబడును, కొండకు లోతు తెలియును. లిస్బనులో విషువద్దినపు మధ్యాహ్నపు ఎండ వాలు, మన ఊర మార్గశిర పుష్యముల నాటి మధ్యాహ్నపు వాలునకు దాదాపు సమానము. ఆ దినములలో మన కల్లములపై పడు ఎండ ఎంత ఇంపుగా నుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఉదయ సాయంకాలముల మాట. సూర్యుడు ఆరు భాగల యెత్తునుండి దిగంతమునకు దిగు లోపల ఎండ పసుపై, కుంకుమయై మారును. మన ఊర సూర్యుడు నిట్టనిలువుగా దిగును. విషువత్కాలమున ఆ ఆరు భాగలకు సుమారు ఇరువదియైదు నిమిషములు, అనగా ఒక గడియ, పట్టును. లిస్బనులో ఏటవాలుగా జారును గనుక ముప్పదియొక్క నిమిషములు. నడివేసవిలో మనకు ఇరువదియెనిమిది నిమిషములైనచో అక్కడ ముప్పదియారు, అనగా గడియన్నర. ఎనిమిది నిమిషముల భేదమేపాటిదని మీరందురేమో. దూడ తల్లి పొదుగు విడుచు లోపల పటము తీయవలసినవానిని అడిగి చూడుడు.

ఈ విద్య మన నేలకు క్రొత్త కాదు. రాజా దీనదయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, తరువాత సికిందరాబాదున ఛాయాచిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. దానికి ముందే 1882 ప్రాంతమున సర్ లెపెల్ గ్రిఫిన్ అను దొర వెంట మధ్యభారతమున తిరిగి దేవాలయములను, కోటలను చిత్రించెను. ఆ పటములు 1886లో గ్రంథముగా వెలువడెను. బరువైన కెమెరా, ముక్కాలి, గాజుపలకలు మోయించుకొని చేసిన యాత్ర అది. పలక యొకటి పగిలినచో పటమొకటి పోయినట్లే. ఆయన పలకలలో 2,800లకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. నేటివాడు ఒక్క సాయంకాలమున వేయి బొమ్మలు తీయగలడు. అందుచేతనే కాబోలు, ఎక్కడ నిలువవలెనో, ఎప్పుడు నిలువవలెనో ఆలోచింపడు. దీనదయాళునకు ఆలోచింపక తప్పినది కాదు.

పోర్చుగల్ దేశము మనకు పేరెరుగనిది కాదు. మన ఇంటిలోని అలమార, భుజముపై తువాలు, గోడ కట్టు మేస్త్రి, బట్టకు చేయు ఇస్త్రీ, ఇవియన్నియు ఆ దేశపు నావికులతో వచ్చిన మాటలే. అమెరికా ఖండపు మిరపకాయను మన దేశమునకు చేర్చినదియు వారే. మన పులుసున మిరియము పోయి మిరపకాయ వచ్చుటకు కారకులైనవారి ఊరు చూచి వచ్చుట అంత పరాయి పని కాదని ఆ తండ్రితో నేనంటిని. ఆయన నవ్వెను గాని సంచి విప్పలేదు.

ఇప్పుడు తీరముల ముఖములను గమనింపవలెను. యాత్రకు పోవు పిల్లలు మరచునది ఇదియే. మన కోస్తా తీరము తూర్పు ముఖము. సూర్యుడు నీటినుండి లేచి నేలవైపున అస్తమించును. కావున సూర్యలంకలోగాని ఉప్పాడలోగాని సముద్రముపై సూర్యుని పటము తీయదలచినవాడు తెల్లవారుజామున లేవవలెను. పోర్చుగల్ తీరము చాలభాగము పడమటి ముఖము. అక్కడ సూర్యుడు నేలవైపున ఉదయించి నీటిలో క్రుంకును. ఉదయమున పడమటి కొండచరియలు తమ నీడలోనే మునిగి నల్లగా నుండును. సాయంకాలమున అవియే బంగారమగును. సూర్యలంక అలవాటుతో తెల్లవారుజామున అక్కడి తీరమునకు పరుగెత్తినవాడు చలిలో వణకుట తప్ప మరేమియు తెచ్చుకొనడు. ఐరోపా ఖండపు భూభాగమునకు పడమటి కొసయైన రోకా అగ్రము లిస్బనునకు సమీపముననే కలదు. అక్కడ నిలిచినచో ఎదుట అట్లాంటిక్ మహాసముద్రము తప్ప మరొకటి లేదు.

ఆ దేశపు దక్షిణ భాగము అల్గార్వె సీమ. దాని తీరము దక్షిణ ముఖము. లాగోస్ పట్టణమునొద్ద గోరోచన వర్ణపు సున్నపురాతి చరియలును, నీటినుండి లేచిన రాతి కంబములును, తోరణములును కలవు. అక్కడి లెక్క వేరు. వేసవిలో సూర్యుడు తూర్పునకు ఉత్తరముగా ముప్పదియొక భాగల దూరమున ఉదయించి, పడమటికి అంతే ఉత్తరముగా అస్తమించును. అనగా ఎండ మెత్తబడు ఉదయ సాయంకాలములు రెంటను సూర్యుడు చరియల వెనుక నుండును, ముఖములు చీకటి. చలికాలమున దీనికి మారుగా తూర్పు పడమరలకు దక్షిణముగా, సముద్రముపైననే, ఉదయాస్తమయములు జరుగును. పగలెల్ల చరియలపై వాలుటెండ పడును. కావున జనులు మూగు జూన్ జూలై మాసములు చరియల పటములకు తగినవి కావు. విడుదుల అద్దెలు కూడ అప్పుడే మిన్నంటును.

అట్లని నడి చలికాలమున పోవుదమన్న, వాన అడ్డు వచ్చును. మనకు వేసవి చివర వానలు వచ్చి శరత్తున వెనుదిరుగును. అక్కడ వేసవి పొడి, చలికాలము తడి. అక్టోబరు మొదలు మార్చి వరకు కురియునదే ఆ దేశపు ముఖ్య వర్షము. నజారె అను జాలరి ఊరియొద్ద ఆ కాలముననే పర్వతముల వంటి అలలు లేచును. 2020 అక్టోబరులో అక్కడ ఒక క్రీడాకారుడు ఇరువదియారు మీటర్ల అలపై పలకతో జారెనని లెక్క కట్టిరి. అలల పటములే కావలసినవాడు చలికాలముననే పోవలెను. అది వేరు యాత్ర. ఎండయు, చరియలును, ఊరి వీధులును కావలసినవానికి సెప్టెంబరు చివరి వారమును అక్టోబరు మొదటి వారమును తగినవి. అప్పుడు సూర్యుడు సరిగా తూర్పున లేచి పడమట క్రుంకును. రోజురోజునకు కొంచెముగా దక్షిణమునకు జరుగును. దక్షిణపు చరియలకు రెండు సంధ్యల ఎండయు ఓరగా తగులును. పడమటి తీరమునకు సాయంకాలము ఎట్లును కలదు.

ఈ కాలము మా శిష్యునకు మరియొక విధమునను కలిసివచ్చును. భాద్రపదము శూన్యమాసము, పెండ్లిండ్లు లేవు, కెమెరా పెట్టెలోనే యుండును. ఆషాఢమున గూడ ముహూర్తములు లేవు గాని, అది అక్కడ పైన చెప్పిన జనసమ్మర్దపు కాలము. ఒక్క ముహూర్తమైనను పోగొట్టుకొనక పోయి వచ్చుట అన్నది లెక్కలోనికి తీసికొనవలసిన లాభమే గదా! “భాద్రపద బహుళము మహాలయ పక్షము కాదా?” అని తండ్రి సంశయించెను. పితృకార్యము చేయవలసినవాడు ఆయన. తండ్రి జీవించియుండగా కుమారునకు ఆ భారము లేదు. తన తండ్రి తిథినాడు కొడుకు ఎదుట నుండవలెనని ఆయన కోరినచో, ఆ తిథి గడచిన మరునాడు బయలుదేరనిండు. విషువద్దినమునకు పది దినములు అటు నిటు అయినను ఎండ వాలు అంతగా మారదు.

లిస్బను నగరమును గూర్చి కొంత చెప్పవలెను. తేజో నది యొడ్డున తిన్నెలు తిన్నెలుగా కొండలపై కట్టిన ఊరది. 1755 నవంబరు 1వ తేదీన భూకంపమును, సముద్రపు ఉప్పెనయు, అగ్నియు కలిసి ఊరిని నాశనము చేసెను. తరువాత నది చెంతనున్న భాగమును గీత గీసినట్లు తిన్నని వీధులతో కట్టిరి. వంకరవీధుల ప్రాతపేట అల్ఫామా అట్లే నిలిచినది. ఆ ఊరి వెలుతురును చూచినవారందరు మెచ్చుకొందురు. కారణము మాయ కాదు. ప్రక్క వీధులలో పరచినవి తెల్లని సున్నపురాతి ముక్కలు. గోడలకు తాపినవి మెరుగుపెట్టిన రంగుపలకలు. దక్షిణమున విశాలమైన నది. పైనుండి పడిన ఎండ నేలనుండియు గోడలనుండియు నీటినుండియు మరల లేచి నీడలోనికి చొచ్చును. క్రొత్తగా సున్నము వేసిన గోడ యెదుట అరుగుపై కూర్చున్నవాని ముఖము నీడలో నుండియు ఎట్లు వెలుగునో, ఆ ఊరు మొత్తము అట్లుండును.

పది పదునొకండు దినముల యాత్రలో ఈ రెండు చోట్లు చాలును: లిస్బనును దాని పరిసరములును ఐదు దినములు, మూడువందల కిలోమీటర్ల దూరముననున్న లాగోస్ సీమ ఐదు దినములు. ఉత్తరమున పోర్తో పట్టణమును, అక్కడి 1886 నాటి రెండంతస్తుల ఇనుప వంతెనయు చూడదగినవే; ప్రక్కనే స్పెయినును కలదు. చూడదగినవన్నియు చూడబోయినవాడు సంధ్య వేళలన్నియు రైలులో గడపును. ఒకే చరియ చెంత మూడు సాయంకాలములు నిలిచినవానికి మొదటినాడు మబ్బు, రెండవనాడు పొగమంచు, మూడవనాడు పటము దొరకును. ఆ తండ్రికి ఈ మాట వెంటనే రుచించెను. రోజొక చేనికి తిరుగువాని పంట ఎట్లుండునో ఆయన ఎరుగును.

గడియారము విషయమున జాగ్రత్త. చలికాలమున అక్కడి గడియారము మనకంటె ఐదున్నర గంటలు వెనుక. మార్చి చివరి ఆదివారమునుండి అక్టోబరు చివరి ఆదివారము వరకు నాలుగున్నర గంటలే వెనుక. ఆ కాలమున సూర్యుడు నడిమింటికి వచ్చుట పండ్రెండింటికి గాక ఒంటిగంట దాటిన తరువాతనే. జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటిన పిదప సూర్యుడస్తమించును. భోజనవేళలను గడియారముతోను, కెమెరాను సూర్యునితోను నడుపవలెను.

చంద్రుని లెక్క కూడ వదలరాదు. అమావాస్య పూర్ణిమల చేరువ సముద్రపు పోటుపాటులు హెచ్చు. ఆ తీరమున అట్టి దినములలో పోటునకును పాటునకును మధ్య నీటి ఎత్తు మూడు మీటర్లు దాటును. పాటు వేళ చరియల అడుగున ఇసుకపై నడచి ఒక మూలనుండి మరియొక మూలకు పోవచ్చును. పోటు వచ్చినచో తిరుగుదారి మునుగును. ఆ దేశపు నౌకాదళమునకు చెందిన జలశాస్త్ర సంస్థ పోటుపాటుల వేళలను ముందుగనే ప్రకటించును. దానిని చూడక దిగరాదు. చరియల క్రింద కూర్చుండరాదు: 2009 ఆగస్టులో అల్బుఫెయిరా దగ్గర మరియా లూయిసా తీరమున చరియ విరిగిపడి ఐదుగురు మరణించిరి. చరియల అంచునకును పోరాదు: 2014 ఆగస్టులో రోకా అగ్రమున, కంచె దాటి తమ పటము తాము తీసికొనబోయిన దంపతులు పిల్లల కన్నుల ఎదుటనే జారి పడి ప్రాణములు విడిచిరి. తండ్రి వలన కొడుకునకు చేరవలసిన మాటలలో ఇది మొదటిది. వీసా మాట దీని తరువాతిది.

మనుష్యుల పటములు తీయుటలో ఆ దేశమున మర్యాదయే కాదు, చట్టము కూడ కలదు. వారి పౌరస్మృతి 79వ అధికరణము ప్రకారము ఒకని రూపమును వాని సమ్మతి లేక ప్రదర్శింపరాదు, అమ్మరాదు. బహిరంగ స్థలములందలి దృశ్యములకును మరికొన్నింటికిని మినహాయింపులు కలవు. వల బాగుచేసికొను జాలరిని, గుమ్మమున కూర్చున్న ముసలమ్మను అడిగి తీయవలెను. మన ఊరికి ఎవరో వచ్చి, నూతియొద్ద నీళ్ళు పోసికొనువారిని చెప్పక పటము తీసినచో మనమేమందుమో తలచుకొన్నచో చాలును.

పత్రముల మాట త్వరగా ముగించెదను. పోర్చుగల్ షెన్‌గెన్ దేశములలో నొకటి. ఆ వీసా దొరకినవాడు నూటయెనుబది దినములలో తొంబది దినములకు మించకుండ ఆ కూటమి దేశములలో నుండవచ్చును. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు ఇయ్యవచ్చును. పదునైదు దినములలోపు ప్రయాణమున్నచో సాధారణముగా తీసికొనరు. నిర్ణయమునకు పదునైదు దినములు వాడుక. ఒక్కొకప్పుడు నలుబదియైదు వరకు పోవచ్చును. కావున భాద్రపద ప్రయాణమునకు జ్యేష్ఠమున పెట్టుట క్షేమము. 2024 జూన్ మొదలుకొని పెద్దలకు రుసుము తొంబది యూరోలు. వైద్యఖర్చులకు ముప్పదివేల యూరోలకు తక్కువ కాని బీమా కావలెను. తిరిగివచ్చు దినమునకు పైన మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లుబడిలో నుండవలెను; అందులో రెండు పుటలైన ఖాళీ యుండవలెను. బ్యాంకు లెక్కలు మూడు నాలుగు నెలలవి అడుగుదురు. అప్పు తెచ్చి ఒక్కసారిగా ఖాతాలో పోసిన సొమ్ము వారి కంటికి ఇట్టే దొరకును. అందుచేత తండ్రి ఇచ్చునదేదో ముందుగానే ఇచ్చి, తాను ఇచ్చినట్లు ఒక ఉత్తరము వ్రాసి సంతకము చేసి జతపరచుట మేలు. ఈ చివరి మాటతో సంచి కొంచెము విప్పుకొన్నది.

సామగ్రిలో కెమెరా ఒకటి, కటకములు రెండు, తేలికైన ముక్కాలి ఒకటి చాలును. విడి బ్యాటరీలను పెద్దపెట్టెలో వేయనీయరు; చేతిసంచిలోనే యుంచుకొనవలెను. సముద్రపు తుంపర ఉప్పుతో కూడినది. ఏ పూటకాపూట మెత్తని గుడ్డతో తుడువనిచో కటకము మసకబారును. తీసిన పటములను ప్రతిరాత్రియు రెండు చోట్ల నకలు చేసి, ఒకటి సంచిలోను ఒకటి ఒంటిమీదను ఉంచుకొనవలెను. బయలుదేరునాడు శంషాబాదున సుంకపు అధికారులకు కెమెరాను, కటకములను చూపి, వాని సంఖ్యలు వ్రాయించి, ఎగుమతి ధ్రువపత్రము తీసికొనవలెను. తిరిగి వచ్చునప్పుడు ఇవి విదేశమున కొన్నవా యని అడిగినచో చూపుటకు అదియే ఆధారము. దానికి పట్టు వేళను లెక్కించుకొని ఇల్లు వెడలవలెను.